గంజీఫాలో చేపలు

1831లో ఇంగ్లీషువారు పాలన తీసేసుకున్నాక మైసూరు మూడవ కృష్ణరాజ ఒడెయరుకు బిరుదు మిగిలింది, పెత్తనం పోయింది. చేత్తో బొమ్మలు వేసిన పేకముక్కలు గంజీఫా. ఆయన కల్పించిన గంజీఫా ఆటలు ‘శ్రీతత్త్వనిధి’లో ఉన్నాయి, వాటిలో ఒకదానికి 360 ముక్కలు! పోయిన రాజ్యాన్ని మరిపించింది ఇవేనేమోనని నా ఊహ.

దశావతార గంజీఫాకు 120 చాలు. ఒడిశా, సావంతవాడి, నిర్మల్ చిత్రకారులూ గంజీఫా వేసినవారే. అవతారానికి రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకె ముక్కలు. మత్స్యానికి గుర్తు చేప. బ్యాంకు బుద్ధి కదా, కూడి చూశాను: అంకె ముక్కల్లోనే 55 చేపలు. సాయంత్రాలు గుండ్రని అట్టల మీద అవే గీస్తుంటాను. ఇరవయ్యో చేప దగ్గర విసుగు పుడుతుంది. కుంచె కడిగి లేచిపోతాను. మర్నాడు ఒక్క చేపకు కన్ను దిద్దుతాను, అంతే. అది నావైపు చూసిందా, రాత్రి భోజనం సంగతి ఇంట్లోవాళ్లు గుర్తుచెయ్యాల్సిందే.