తేడా లేకపోవడమే పెద్ద తేడా

మన భాషలో "తేడా" అన్న మాటకి పాపం అస్సలు మర్యాద లేదు. బండి తేడా చేస్తోంది అంటాం, లెక్కలో తేడా వచ్చింది అంటాం, "వాడు కొంచెం తేడాలే" అని నవ్వుకుంటాం. ఇక మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. సర్వర్లన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండాలి, ఒకదానిలో చిన్న తేడా కనిపించినా నిద్ర పట్టదు.

నేను ఇంతకు ముందు పనిచేసిన చోట అలాంటివే నలభై మెషీన్లు ఉండేవి. ఒక రాత్రి ఒక చిన్న బగ్ వల్ల లాగ్ ఫైల్ పెరిగి పెరిగి డిస్కు నిండిపోయింది. ఒకదానిలో కాదు, నలభైలోనూ, దాదాపు ఒకే గంటలో. బ్యాకప్ మెషీన్లున్నాయి కదా అనుకున్నాం. అవీ అదే అచ్చులోంచి వచ్చినవే, అవీ పోయాయి!

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఈ కథ తాతయ్యకి చెప్పాను. మాది పశ్చిమ గోదావరి, ఆయన జీవితమంతా వరి పండించిన మనిషి.

"ఏరా, నలభై కంప్యూటర్లూ ఒకేసారి ఎలా పోతాయిరా?"

"అన్నీ ఒకటే కదా తాతయ్యా."

"అలా చెప్పు. ఊరంతా ఒకటే విత్తనం వేసినట్టు. సుడిదోమ వస్తే ఒక గట్టు మీద ఆగుతుందేంటి?"

నేను నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివి, ఆ తర్వాత ఇన్నేళ్ళు పనిచేసి తెలుసుకున్నది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాట పట్టుకుని చదవడం మొదలుపెడితే తెలిసిన చరిత్ర ఇది.

1960లలో దేశంలో తిండికి ఎంత కటకటో మనకి ఊహకందదు. వరుసగా రెండేళ్ళు కరువొచ్చి, 1966లో సుమారు కోటి టన్నుల ధాన్యం బయటి నుంచి తెచ్చుకున్నాం. హెక్టారుకి సగటున ఒక టన్ను బియ్యం వస్తే గొప్ప. ఎరువు ఎక్కువ వేస్తే పాత వరి ఏపుగా పెరిగి, వెన్ను బరువుకి చేను పడిపోయేది.

ఆ ఏడాదే ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ (ఇర్రి) ఐఆర్8 విడుదల చేసింది. ఇండొనేషియాకి చెందిన పొడుగాటి "పేట" రకాన్నీ, తైవాన్‌కి చెందిన "డీ-జియో-వూ-జెన్" అనే పొట్టి రకాన్నీ కలిపితే పుట్టిన వంగడం. ప్రయోగ క్షేత్రంలో హెక్టారుకి 9 టన్నులు దాటింది. 1967లో మా జిల్లాలోనే, ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దీన్ని పండించి "మిస్టర్ ఐఆర్8" అని పేరు తెచ్చుకున్నారు.

ఇంతకీ ఆ పొట్టితనం ఎక్కడిది? 2002లో తేలింది. మొక్క పొడుగెదగడానికి కావలసిన హార్మోను తయారీలో పాల్గొనే ఒక జన్యువులో సుమారు 380 అక్షరాల ముక్క ఎగిరిపోయింది. మా భాషలో చెప్పాలంటే కోడ్‌లో కొన్ని లైన్లు డిలీట్ అయిపోయాయి. దాన్ని మేమైతే బగ్ అంటాం. ఆసియా కడుపు నింపింది ఆ బగ్గే. కాబట్టి తేడా మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకి అర్థం లేదు. ఏ నేలలో, ఎప్పుడు అని కూడా అడగాలి.

అయితే గెలిచిన విత్తనం అంతటా పాకిపోతుంది. వందల రకాలు పండే చోట నాలుగైదు మిగిలాయి. 1970ల మొదట్లో గ్రాసీ స్టంట్ అనే వైరస్ ఫిలిప్పీన్స్, ఇండొనేషియా, మన దేశంలో చేలని దెబ్బతీసింది. ఇది సోకిన దుబ్బు గిడసబారి గడ్డిలా అయిపోతుంది, వెన్ను రాదు. దాన్ని మోసుకొచ్చేది తాతయ్య చెప్పిన సుడిదోమే.

ఇర్రి వాళ్ళు తమ దగ్గర దాచిన విత్తనాలు తీసి ఒక్కొక్కటీ పరీక్షించడం మొదలుపెట్టారు. 6 వేలకు పైగా నమూనాలు చూశారు. తట్టుకున్నది ఒక్కటే ఒక్కటి! అది కూడా మనుషులు పండించే వరి కాదు. 1963లో ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన ఒక అడవి వరి. శాస్త్రీయ నామం ఒరైజా నివారా. శర్మ, శాస్త్రి అనే ఇద్దరు మన శాస్త్రవేత్తలు 1965లో ఆ పేరు పెట్టారు. పూజ చివర పంతులుగారు చదివే నారాయణ సూక్తంలో "నీవార" అన్న మాట వినే ఉంటారు, అదే ఇది. తెలుగులో నివ్వరి. కుంటల్లో, గుంటల్లో దానంతటదే మొలుస్తుంది, గింజ ముందే రాలిపోతుంది. రైతు కంటికి ఉత్త కలుపు.

ఇక్కడ తేదీలు గమనించండి. విత్తనం సేకరించింది 1963లో, తెగులు ముదిరింది 1970లలో. అంటే వైరస్ వచ్చింది కదా అని ఆ మొక్క ఆ గుణాన్ని తయారు చేసుకోలేదు. ఆ తేడా ముందు నుంచే, ఎవరికీ పనికిరాకుండా, అలా పడి ఉంది. పరిణామం అంటే "అవసరాన్ని బట్టి మారడం" అని మనలో చాలామంది (నేను కూడా) బడి నుంచి మోసుకొచ్చిన అపోహ. డార్విన్ చెప్పింది వేరు. తేడాలు ముందే ఉంటాయి, పరిస్థితి వాటిలోంచి ఏరుకుంటుంది. ఏరుకోవడానికి ఏమీ లేకపోతే? 1845లో ఐర్లండ్‌లో జరిగిందే జరుగుతుంది. పేదలు ఎక్కువగా "లంపర్" అనే ఒక్క రకం బంగాళాదుంపే వేసేవారు. దుంప ముక్క నాటితే వచ్చేది తల్లికి నకలే కాబట్టి చేలన్నీ ఒకే మొక్క. తెగులు వచ్చింది. సుమారు 10 లక్షల మంది చనిపోయారు, అంతకన్నా ఎక్కువ మంది దేశం విడిచి పోయారు. పాలకుల నిర్దయ పాత్ర కూడా అందులో చాలా ఉంది కానీ, మొదటి దెబ్బ మాత్రం ఈ ఏకరూపానిదే.

మళ్ళీ నివ్వరి దగ్గరికి వద్దాం. కలుపు మొక్కలోని ఒక్క గుణాన్ని మంచి వరిలోకి తేవడం ఎలా? డార్విన్‌ని కూడా ఇలాంటి ప్రశ్నే ఇబ్బంది పెట్టింది. 1867లో ఫ్లీమింగ్ జెంకిన్ అనే ఆయన (ఆయనా ఇంజనీరే!) ఒక అభ్యంతరం లేవదీశాడు. తల్లిదండ్రుల గుణాలు పాలూ నీళ్ళలా కలిసిపోతాయంటున్నారు కదా, అలాగైతే కొత్త గుణం ఏదొచ్చినా తరతరానికీ సగమై, పలచబడి మాయమైపోవాలి కదా అని. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి రికార్డు చేస్తూ పోతే పాట గొర్రుగొర్రుమన్నట్టు.

జవాబు అప్పటికే ఉంది. 1866లో మెండెల్ బఠానీల మీద రాసిన వ్యాసంలో. గుణాన్ని మోసేది పాలలా కలిసిపోయేది కాదు, గింజలా విడిగా ఉండేది. పైకి కనిపించకపోయినా లోపల చెక్కుచెదరదు. అంటే జీవం అనలాగ్ కాదు, డిజిటల్. ఆ వ్యాసాన్ని 1900 దాకా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

గురుదేవ్ ఖుష్ బృందం చేసిందీ ఇదే లెక్క. నివ్వరిని ఐఆర్24తో కలిపారు, వచ్చినదాన్ని మళ్ళీ ఐఆర్24తో, మళ్ళీ, మళ్ళీ. నివ్వరి వాటా సగటున 50 శాతం, 25, 12.5, చివరికి 6.25. కలుపు లక్షణాలు అలా వదిలిపోయాయి. కానీ వైరస్‌ని తట్టుకునే జన్యువు ఆరు శాతం కాలేదు. ప్రతి తరంలోనూ అది ఉన్న మొక్కనే ఏరుకున్నారు కాబట్టి మొత్తంగా ఉంది. దానికి మరికొన్ని రకాల గుణాలు కలిపి 1976లో ఐఆర్36 విడుదల చేశారు. 1980లలో కోటి హెక్టార్లకు పైగా పండింది.

మన కంచంలోనూ ఇదే కథ. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబమసూరి (బీపీటీ 5204) రుచికి పేరు, ఎండాకు తెగులుకి లోకువ. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధనా సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులు చేర్చి 2008లో మెరుగైన సాంబమసూరి తెచ్చాయి. ఆ మూడింటిలో ఒకటి ఎక్కడిదో తెలుసా? ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవి వరిది.

పాతవన్నీ బంగారం అని నేననడం లేదు. "ఐఆర్8 రాకముందు రెండు పూటలా అన్నం తిన్న ఇళ్ళు లెక్కపెట్టొచ్చురా" అని తాతయ్యే అన్నారు. ఆయన మళ్ళీ పాత రకాలు వెయ్యరు కూడా. నా బాధల్లా ఒకటే. ఏది పనికొస్తుందో ముందు తెలియనప్పుడు "పనికిరాదు" అని ఏ ధైర్యంతో పారేస్తాం? ఇర్రి విత్తన నిధిలో ఇవాళ 1,30,000కు పైగా నమూనాలున్నాయి, సంతోషమే. కానీ ఫ్రీజర్‌లో విత్తనం నిద్రపోతుంటే బయట తెగుళ్ళు మారుతూనే ఉంటాయి. వాటితో పాటు మారాలంటే కొన్ని చేలలోనూ, కొన్ని కుంటల్లోనూ బతికుండాలి. మనమేమో కుంటలు పూడ్చి ప్లాట్లు వేస్తున్నాం.

వచ్చేముందు తాతయ్యని చిన్నప్పుడు ఏ రకాలు వేసేవారని అడిగాను. అక్కుళ్ళు, కృష్ణకాటుకలు, బాసంగి... వేళ్ళు మడుస్తూ చెప్పుకుంటూ పోయారు. నేను ఫోన్‌లో రాసుకున్నాను.

"వీటి విత్తనం మనింట్లో ఏమైనా ఉందా తాతయ్యా?"

"విత్తనమా? ఆ గాదె తీసేసి నీ కారుకి షెడ్డు కట్టించాం కదరా."

పేర్లు మాత్రం నా దగ్గర పదకొండు ఉన్నాయి. పేరు నాటితే మొలవదు కదా.