పోచారం, ఉప్పల్, నాచారం: వృద్ధుల సేవలు, సామాజిక జీవనం

వరంగల్ రహదారి మీద ఉప్పల్ దాటితే బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లి వరుసగా వస్తాయి. ఆ తర్వాత పోచారం, అన్నోజిగూడ. నాచారం ఉప్పల్‌కు ఉత్తరాన పారిశ్రామికవాడను ఆనుకుని ఉంటుంది. ఇవన్నీ 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనివి. ఈ ప్రాంతంలో అరవై దాటినవారికి అందే సేవలు, పెద్దలు తమంతట తాము నడుపుకుంటున్న కూటములు ఈ వ్యాసానికి విషయం. సేవల జాబితా రాసుకుంటే పొడవుగానే ఉంటుంది. వాటిలో ఒక ముసలి మనిషి ఎవరి సాయమూ లేకుండా నడిచి వెళ్లగలిగేవి ఎన్ని అని లెక్కపెడితే మాత్రం జాబితా బాగా కురచైపోతుంది.

ఎవరీ పెద్దలు

2011 జనగణన ప్రకారం దేశంలో 60 దాటినవారు సుమారు 10.4 కోట్లు, అంటే జనాభాలో 8.6 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ వాటా 9.8 శాతం. అయితే ఈ రోడ్డు మీది వృద్ధులందరినీ ఒకే గాటన కట్టలేం.

మొదటివారు పాత ఊళ్లవాళ్లు. పోచారం మొన్నమొన్నటి దాకా గ్రామపంచాయతీ. తర్వాత పురపాలక సంఘమై, 2025 చివర్లో జీహెచ్ఎంసీలో కలిసింది. వరి, కూరగాయలు పండించిన కుటుంబాల పెద్దలు ఇప్పుడు ఇన్ఫోసిస్ ప్రాంగణం, అపార్టుమెంట్లు, ప్లాట్ల లేఅవుట్ల నడుమ మిగిలిన పాత వీధుల్లో ఉంటున్నారు. రెండోవారు నాచారం, ఉప్పల్, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో షిఫ్టులు చేసి రిటైరైన కార్మికులు. మూడోవారు ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ, సీసీఎంబీ, సర్వే ఆఫ్ ఇండియా, రైల్వే వంటి చోట్ల ఉద్యోగం చేసి హబ్సిగూడ, రామంతాపూర్, నాచారం కాలనీల్లో ఇళ్లు కట్టుకున్నవారు. నాచారంలోని హెచ్ఎంటీ నగర్ పేరులోనే ఆ చరిత్ర ఉంది. నాలుగోవారు ఈ నేలకు కొత్త: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో ఊరు వదిలి వచ్చిన తల్లిదండ్రులు. వచ్చిన కారణం అడిగితే చాలామంది మనవల పేరే చెబుతారు.

పింఛన్లు

ఈ నాలుగు గుంపులనూ విడదీసేది పింఛను. పాత ఊళ్లలోని పేదలకు ఆధారం 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన ఆసరా పింఛను. అంతకుముందు 200 రూపాయలున్న వృద్ధాప్య పింఛను అప్పుడు 1,000 అయింది, 2019లో 2,016కు పెరిగింది. అర్హత వయసును తర్వాత 65 నుంచి 57కు తగ్గించారు. పొలం పనుల్లో అరిగిపోయిన వేళ్లకు యంత్రం మీద ముద్ర పడకపోవడం ఈ పింఛనుదారులకు పాత బాధ. మనిషి ఎదురుగానే ఉంటుంది, ఊరంతా గుర్తుపడుతుంది, యంత్రమొక్కటే గుర్తుపట్టదు.

ఫ్యాక్టరీ కార్మికులది భవిష్యనిధి సంస్థ కింద 1995లో వచ్చిన ఉద్యోగుల పింఛను పథకం. పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్ల నుంచి వస్తుంది. కనీస పింఛనును 2014 సెప్టెంబరులో నెలకు 1,000 రూపాయలుగా ఖరారు చేశారు. ముప్పై ఏళ్లు చందా కట్టిన కార్మికుడు కూడా ఆసరా కంటే తక్కువ పింఛను అందుకునే సందర్భాలున్నాయి. ఈ అన్యాయం గురించి మాట్లాడాల్సినంతగా ఎవరూ మాట్లాడడం లేదు.

ప్రభుత్వ పింఛనుదారులకు నవంబరు వచ్చిందంటే లైఫ్ సర్టిఫికెట్ హడావుడి. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్‌తో దీన్ని ఇంటి నుంచే ఇవ్వవచ్చు. 2021 నుంచి ఫోన్‌లో ముఖం చూపించినా చాలు. రుసుము తీసుకుని పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేసిపెట్టే ఏర్పాటు కూడా ఉంది. మంచం పట్టినవారికి అది నిజంగా పెద్ద మేలు.

కలిసే చోట్లు

వృద్ధుల సామాజిక జీవితంలో ఎక్కువ భాగం ఏ పథకంలోనూ రాసి ఉండదు. కాలనీ పార్కుల్లో తెల్లవారుజామున ఐదున్నరకే నడక మొదలవుతుంది. నడక గంటసేపైతే, తర్వాత బెంచీల మీద కూర్చోవడం మరో గంట. పేపర్లో చదివింది, మోకాళ్ల నొప్పి, షుగర్ టెస్టులో వచ్చిన అంకె, రాజకీయం, అమ్మాయి సంబంధం అన్నీ అక్కడే తేలతాయి. ఎవరైనా రెండు రోజులు రాకపోతే మూడోరోజు ఫోన్ వెళుతుంది. పేరూ రిజిస్ట్రేషనూ లేని ఈ బెంచీ చేసే పని ఏ హెల్ప్‌లైన్ చేసేదానికైనా తీసిపోదు. కొన్ని పార్కుల్లో యోగా, చప్పట్లతో నవ్వుల క్లబ్బు కూడా ఉంటాయి. నవ్వుల క్లబ్బు 1995లో ముంబయిలో డాక్టర్ మదన్ కటారియా మొదలుపెట్టిన పద్ధతి.

ఆడవాళ్ల కూటమి వేరు. శనివారం విష్ణు సహస్రనామ పారాయణం, శుక్రవారం లలితా సహస్రనామం, గుడి మండపంలో భజన, కార్తీకంలో వనభోజనం, పెత్తర అమావాస్య నుంచి బతుకమ్మ. పాటలు తెలిసిన పెద్దావిడ చుట్టూ కోడళ్లు, కొత్తగా వచ్చిన అపార్టుమెంటు ఆడపిల్లలు చేరేది ఆ తొమ్మిది రోజులే. మిగతా ఏడాదంతా ఆమెను ఎవరూ ఏమీ అడగరు. భక్తి పేరుతో కలిసినా అక్కడ పంచుకునేది భక్తి ఒక్కటే కాదు. కాలు ఆపరేషన్ చేయించుకున్నామెకు వారం పాటు కూర వండి పంపేది ఆ బృందమే.

మగవాళ్ల పరిస్థితి ఇంత తేలిక కాదు. ఉద్యోగమే స్నేహాలను తెచ్చిపెట్టిన మనిషికి రిటైర్మెంట్ రోజుతో సగం స్నేహాలు పోతాయి. భార్య పోతే మిగతా సగం కూడా పోతుంది, ఎందుకంటే ఇరుగుపొరుగుతో మాటా మంతీ నడిపింది ఆమే. పాత ఊళ్లలో ఇంటి అరుగు, హనుమాన్ గుడి గద్దె, కల్లు కాంపౌండు మగవాళ్ల కూటములు. అరుగులు రోడ్డు వెడల్పులో, కొత్త ఇళ్ల ప్రహరీల్లో కలిసిపోయాయి. కల్లు కాంపౌండును మెచ్చుకోనక్కర్లేదు గానీ, అక్కడికి వెళ్లే వృద్ధుడు ముందుగా వెతుక్కునేది పలకరింపును అన్నది మాత్రం నిజం.

పిల్లలు అమెరికాలో ఉన్నవారి జీవితం మరో తీరు. అక్కడికి వెళితే సాధారణంగా ఆరు నెలల గడువు. తిరిగొచ్చాక పెద్ద ఇంట్లో ఇద్దరే, కొన్నాళ్లకు ఒక్కరే. ఇక్కడి పొద్దున అక్కడి రాత్రి కాబట్టి మనవల ముఖం చూసే అరగంట చుట్టూనే రోజంతా తిరుగుతుంది. వీళ్లకు డబ్బు కొరత ఉండదు. రాత్రి ఛాతీలో నొప్పి వస్తే తలుపు తట్టే మనిషే కరువు.

వైద్యం

2018లో హైదరాబాద్‌లో మొదలైన బస్తీ దవాఖానాలు బీపీ, షుగర్ మందులను నడక దూరానికి తెచ్చాయి. వృద్ధుల దృష్టితో చూస్తే ఈ ప్రాంతానికి గత పదేళ్లలో జరిగిన మంచి పని ఇదే. నాచారంలో ఇఎస్ఐ ఆసుపత్రి ఉంది. కనీసం ఐదేళ్లు బీమాలో ఉండి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ తన జీవిత భాగస్వామికీ వైద్యం కొనసాగుతుంది. ఈ సంగతి తెలియక చికిత్స మానుకున్న కుటుంబాలకు ఎవరైనా చెప్పాలి, అందుకే ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నాం. 2024 అక్టోబరు 29 నుంచి 70 దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వైద్య రక్షణ వర్తిస్తోంది.

చట్టం

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. చట్టంలో రాసిన గరిష్ఠ భరణం నెలకు 10,000 రూపాయలు. ట్రిబ్యునల్ బాధ్యత రెవెన్యూ డివిజనల్ అధికారిది. ఘట్‌కేసర్ మండలం వారికి ఆ కార్యాలయం కీసరలో.

భూముల ధరలు ఆకాశానికంటిన పోచారం లాంటి చోట 23వ సెక్షన్ చాలా ముఖ్యం. చూసుకుంటారన్న షరతుతో పిల్లలకు ఆస్తి రాసిచ్చాక వాళ్లు చూడకపోతే, ఆ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయమని అడగవచ్చు. షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో తీర్పులో ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోసం ఉదారంగా చదవాలని, ఇల్లు తిరిగి అప్పగించమని ఆదేశించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని చెప్పింది. అందువల్ల గిఫ్ట్ డీడ్ రాసేటప్పుడే పోషణ షరతును పత్రంలో రాయించుకోవడం క్షేమం. కొడుకు మీద కేసు పెట్టిన తల్లి అనిపించుకోలేక నోరు మూసుకున్నవారు ఎందరో ఉంటారు. అలాంటివారు ముందు 14567కు ఫోన్ చేయవచ్చు. 2021లో దేశమంతటా విస్తరించిన ఈ ఎల్డర్‌లైన్‌కు మూలం మన హైదరాబాదే. టాటా ట్రస్టులు 2017లో తెలంగాణ ప్రభుత్వంతో కలిసి, విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ ద్వారా ఇక్కడి వృద్ధుల కోసం మొదలుపెట్టిన పని అది.

దారి, చోటు

మెట్రో 2017 నవంబరులో ఉప్పల్ మీదుగా నాగోలు దాకా వచ్చింది. ఉప్పల్ కూడలిలో 2023లో తెరిచిన స్కైవాక్‌కు లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి. మెట్లెక్కలేని వారు ఆ కూడలి దాటడం అంతకుముందు సాహసమే. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక పెద్దావిడలు గుళ్లకు, అక్కచెల్లెళ్ల ఇళ్లకు ఎవరి ముందూ చేయి చాచకుండా వెళ్లివస్తున్నారు. 2024 మార్చిలో ఎంఎంటీఎస్ ఘట్‌కేసర్‌కు చేరింది. మరోవైపు 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగి, ఆ రోడ్డు దాటడాన్ని, బస్సు ఎక్కడాన్ని వృద్ధులకు నరకం చేశాయి. 2020 మార్చిలో నిలిపేసిన వృద్ధుల రైలు టికెట్ రాయితీ మళ్లీ రాలేదు.

ఇక కూర్చునే చోటు సంగతి. కేరళలో స్థానిక సంస్థలు నడిపే పగటి నిలయాలను పకల్ వీడు అంటారు. ఉదయం వచ్చి, తిని, మాట్లాడుకుని, సాయంత్రం ఇంటికి వెళతారు. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో 1973లోనే వృద్ధుల కోసం విశ్వవిద్యాలయ తరగతులు పెట్టారు. ఇక్కడ ఎన్‌జీఆర్‌ఐలో భూకంపాలను చదివినవారు, ఫ్యాక్టరీ లేత్ మీద మిల్లీమీటరులో వందో వంతు పట్టినవారు, ఏ నెలలో ఏ విత్తనం వేయాలో తెలిసినవారు ఒకే రోడ్డు మీద ఉన్నా ఒకరికొకరు తెలియదు. వాళ్లు కూర్చోవడానికి కొత్త భవనం కట్టనక్కర్లేదు. పెళ్లిళ్లకు, కాలనీ మీటింగులకు తప్ప తెరవని కమిటీ హాళ్లు చాలా ఉన్నాయి. వాటి తాళం పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా తీసి ఉంచాలి. గుమ్మం దగ్గర ర్యాంపు, బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ, ఒక ఫ్యాను, రెండు పేపర్లు, వారానికోసారి వచ్చి బీపీ చూసే నర్సు ఉంటే పని మొదలవుతుంది.