తెగాల్సింది దారమే

చేత్తో బొంతలు కుట్టేవాళ్ళు దారం గురించి చెప్పే మాట ఒకటుంది: దారం ఎప్పుడూ బట్టకంటే కాస్త బలహీనంగా ఉండాలి. వినగానే తలకిందుల మాటలా అనిపిస్తుంది. పదేళ్ళు కప్పుకోవాల్సిన బొంతకు గట్టి దారం వాడాలి కదా? ఆలోచిస్తే లెక్క తెలుస్తుంది. బొంతను కప్పుకుంటాం, లాగుతాం, ఉతుకుతాం, పిండుతాం. పిల్లలు దానిమీద గెంతుతారు. ఆ లాగుడంతా పడేది కుట్టు దగ్గరే. అక్కడ ఏదో ఒకటి ఓడిపోవాలి. దారం తెగితే సూది పట్టుకుని పావుగంటలో మళ్ళీ కుట్టుకోవచ్చు. దారం తెగకుండా బట్టను కోసేస్తే, కుట్టు వెంబడి వరసగా చిల్లులు పడతాయి. ఇక అక్కడ కుట్టడానికి బట్టే మిగలదు. కాబట్టి తెగాల్సింది దారమే.

ఈ చిన్న సూత్రం వెనక పెద్ద చరిత్రే ఉంది. దుకాణానికి వెళ్ళి రీళ్ళ వరసలో ఏ దారం కొనాలా అని ఎంచుకోవడం మామూలు ఇళ్ళకు అందివచ్చి రెండు వందల ఏళ్ళు కూడా కాలేదు. అంతకుముందు చాలామంది ఆడవాళ్ళకు దారం అంటే ఇంట్లో వడికింది, లేదా ఇంట్లో ఉన్న బట్టలోంచి లాగింది. ఆ దారం ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అని వెతుక్కుంటూ పోతే బొంతల కథ బట్టల కథకంటే వేరేగా కనిపిస్తుంది.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ట్రిస్టన్ క్విల్ట్ అని ఒకటుంది. 14వ శతాబ్దం రెండో సగంలో సిసిలీలో తయారైంది. క్విల్ట్ అంటే మన బొంతకు యూరపు చుట్టం అనుకోవచ్చు. పొరలు పొరలుగా బట్టలు పేర్చి, కుట్టుతో ఒకటి చేసిన కప్పడం. ట్రిస్టన్ అనే వీరుడి కథలోని ఘట్టాలు దానిమీద ఉబ్బెత్తు బొమ్మలుగా ఉంటాయి. ఆ ఉబ్బు కోసం లోపల దూది కూరారు. బట్ట మాత్రం అవిసెనారది, దారమూ అవిసెనారదే. బొమ్మల అంచులకు గోధుమరంగు దారం, మిగతా చోట్ల తెల్ల దారం. దూది దొరికినా నూలుదారం వాడలేదెందుకు? అవిసెనార పోగు పొడవైనది, గట్టిది. పత్తి పోగు పొట్టిది. దాన్ని కుట్టుకు నిలిచేంత గట్టిగా, సన్నగా, పురి విప్పుకోకుండా వడకడం అప్పటి యూరపుకు చేతకాని పని. అక్కడ చాలాకాలం కుట్టుదారం అంటే నార, డబ్బుంటే పట్టు.

మన వైపు పరిస్థితి వేరు. పత్తిని వెంట్రుకంత సన్నగా వడికే చేతులు ఇక్కడ ఉన్నాయి. అయినా కొనేవాళ్ళను బట్టి దారం మారేది. హుగ్లీ దగ్గరి సాత్‌గాఁవ్ పేరుతో ప్రసిద్ధమైన క్విల్టులను 16, 17 శతాబ్దాల్లో పోర్చుగీసువాళ్ళు బెంగాల్ నుంచి తీసుకెళ్ళారు. వాటిని కోల్చాలు అనేవాళ్ళు. తెల్ల నూలుబట్ట మీద వేట దృశ్యాలు, ఓడలు, బైబిల్ కథలు కుట్టారు. వాడింది తేనెరంగులో మెరిసే అడవి పట్టు, మనం దసలి పట్టు అనేది. రాజుల పడకగదులకు వెళ్ళే సరుకు కాబట్టి అందులో దారమే అసలు అందం.

అదే బెంగాల్లో ఇంట్లో కప్పుకోవడానికి కుట్టుకున్నది కాంథా. సంస్కృతంలో కంథ అంటే బొంతే. మాట ఒకటే, పనీ ఒకటే: చినిగి మెత్తబడిన చీరలు, ధోవతులు మూడు నాలుగు పొరలు పరిచి, సూదిని కిందికీ పైకీ ముంచుతూ సన్నగా కుట్టుకుంటూ పోవడం. అందులో రంగు దారం కొన్నది కాదు. పాత చీర అంచులోంచి ఒక్కొక్క పోగూ లాగి, రెండు మూడు కలిపి సూదికి ఎక్కించేవాళ్ళు. పాత కాంథాలలో ఎరుపు, నీలం, నలుపు ఎక్కువగా కనబడటానికి కారణం ఇదే. అప్పటి చీర అంచుల రంగులు అవి.

దీన్ని పేదరికం అని ఒక్కమాటలో తేల్చేయొచ్చు. పేదరికమే, కాదనను. కానీ పనిగా చూస్తే, దారం ఎంపికలో ఇంతకంటే సరైన పద్ధతి లేదు. అంచులోంచి తీసిన పోగు ఆ చీరతోపాటే ఏళ్ళ తరబడి ఉతుకులు తిన్నది. ఇక ముడుచుకుపోదు, రంగు వదలదు. బట్ట ఎంత అరిగిందో అదీ అంతే అరిగింది. అది బట్టను కోయదు. సూత్రం ఎవరూ చెప్పకుండానే అక్కడ అమలైంది. మన ఊళ్ళలో బొంతలు కుట్టిన ఆడవాళ్ళదీ ఇదే తరహా జ్ఞానం. బొంత అరిగిపోతే పారేయరు. పైన కింద ఇంకో పాత చీర వేసి మళ్ళీ కుడతారు. పాత బొంత కొత్త బొంతకు లోపలి పొర అవుతుంది. తెగిన దారాన్ని లాగేయగలిగితేనే ఆ పని సాగుతుంది.

దారం బట్టకంటే విలువైన చోట్లు కూడా ఉన్నాయి. జపాన్ ఉత్తర కొసన త్సుగారు ప్రాంతం చలికి పత్తి పండదు. 1724లో అక్కడి పాలకులు రైతులు నూలుబట్టలు కట్టరాదని ఆంక్ష పెట్టారు. రైతులకు మిగిలింది జనపనార బట్ట. దాని సందుల్లోంచి చలిగాలి దూరిపోతుంది. ఆడవాళ్ళు ఆ సందుల్ని దారంతో పూడ్చడం మొదలుపెట్టారు. రానురాను దానికి తెల్ల నూలుదారం వాడారు. బట్టగా కట్టుకోలేని పత్తి దారంగా ఒంటిమీదికి చేరిందన్నమాట. కోగిన్ అనే ఆ కుట్టు ముగ్గులా అందంగా ఉంటుంది, కానీ మొదటి ఉద్దేశం వెచ్చదనమే. 1891లో అవోమోరి దాకా రైలు వచ్చి చవక నూలుబట్ట దిగాక ఆ కుట్టు అవసరం తీరిపోయింది.

ఇక రీలు దారం సంగతి. అది పుట్టింది స్కాట్లండ్‌లోని పైస్లీ ఊళ్ళో. ఆ ఊరి చుట్టుపక్కల దారం పరిశ్రమ మొదలైన తీరే విచిత్రం. 1696లో క్రిస్టియన్ షా అనే పదకొండేళ్ళ పిల్ల తనను మంత్రగత్తెలు పీడిస్తున్నారని చెప్పింది. విచారణ జరిగి ఏడుగురికి మరణశిక్ష పడింది. ఆ పిల్లే పెద్దయ్యాక, హాలండ్ నుంచి తెప్పించిన యంత్రాలతో సన్నని నారదారం తీయించి బర్గారన్ దారం పేరుతో అమ్మించింది. పైస్లీ దారానికి ఆమే ఆద్యురాలని చెప్తారు.

తర్వాతి శతాబ్దంలో పైస్లీ కాశ్మీరు శాలువలకు నకళ్ళు నేసే ఊరైంది. మనం మామిడిపిందె అనుకునే డిజైనుకు ఇంగ్లీషులో ఆ ఊరి పేరే స్థిరపడిపోయింది. ఆ మగ్గాల మీద పడుగు పోగుల్ని పైకీ కిందికీ ఆడించే ఉచ్చులకు పట్టుదారం కావాలి. 1806లో నెపోలియన్ బ్రిటన్ వర్తకాన్ని దిగ్బంధించేసరికి పట్టు రావడం ఆగింది. అప్పుడు ప్యాట్రిక్ క్లార్క్ నూలు పోగుల్నే కలిపి పేని, పట్టుకు బదులుగా నిలిచే నునుపైన దారం చేశాడు. ఉచ్చులకు పనికొచ్చింది కుట్టుకూ పనికొస్తుందని తట్టింది. 1812లో క్లార్కులు కుట్టుదారం మిల్లు పెట్టారు. దారాన్ని చెక్క రీళ్ళకు చుట్టి అమ్మేవాళ్ళు. ఖాళీ రీలు తిరిగిస్తే అరపెన్నీ వెనక్కి. 1826లో అదే ఊళ్ళో జేమ్స్ కోట్స్ ఇంకో మిల్లు కట్టాడు. 1896లో ఈ రెండు సంస్థలూ కలిసిపోయాయి. ఎంబ్రాయిడరీ చేసే తెలుగువాళ్ళందరికీ తెలిసిన యాంకర్ దారం అలా కలిసిన సంస్థ వంశానిదే.

ఇలా కాశ్మీరు శాలువ నకలు చేయబోయి దొరికిన దారం ప్రపంచంలోని సూదులన్నిటికీ ఎక్కింది. నారకంటే చవక, పట్టుకంటే చవక, చిక్కు పడదు, ఎక్కడ కొన్నా ఒకే మందం. కుట్టేవాళ్ళకు నిజంగానే మేలు జరిగింది. దారం వడికే గంటలన్నీ మిగిలాయి. కానీ చవకకు వెల ఎవరో కట్టాలి. లాంకషైర్, స్కాట్లండ్ మిల్లులకు వచ్చిన పత్తిలో పెద్ద భాగం అమెరికా దక్షిణాది తోటల్లో బానిసలు ఏరినది. ఇటువైపు, అదే యంత్రపు నూలు ఇండియాలో దిగి రాట్నాలను మూలకు తోసింది. 1828లో బెంగాల్లోని శాంతిపూర్ నుంచి ఒక వడికే ఆవిడ సమాచార్ దర్పణ్ పత్రికకు ఉత్తరం రాసింది. భర్త పోయాక రాట్నం మీదే సంసారం ఈడ్చి, కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసిన మనిషి. తన నూలు కొనే నాథుడు లేడు, విలాయతి నూలు చవగ్గా దొరుకుతోందట అని ఆవిడ గోడు. గాంధీ ఆ ఉత్తరాన్ని తర్వాత యంగ్ ఇండియాలో మళ్ళీ అచ్చువేశాడు. రీలు దారం చరిత్రలో క్లార్కుల పక్కన ఆవిడ పేరు కూడా ఉండాల్సింది. పేరే మనదాకా రాలేదు.

బానిసత్వం చట్టప్రకారం పోయాక కూడా పత్తి చేలల్లోనే ఉండిపోయిన నల్లజాతి ఆడవాళ్ళకు ఆ పత్తితో చేసిన రీలు దారం ఖరీదైన వస్తువే. అమెరికా దక్షిణాదిలో దాణా సంచులు, పిండి సంచులు గొలుసుకుట్టుతో మూసి వచ్చేవి. ఒక కొస పట్టుకుని లాగితే దారం మొత్తం తెగకుండా వచ్చేస్తుంది. దాన్ని ఉండ చుట్టి దాచుకుని క్విల్టులకు వాడుకునేవాళ్ళు. సంచి బట్ట క్విల్టు వెనక పొర అయ్యేది. అలబామాలో గీస్ బెండ్, దాని చుట్టుపక్కల ఆడవాళ్ళు 1966లో, పౌరహక్కుల ఉద్యమం రోజుల్లో, ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గీస్ బెండ్ క్విల్టులను గోడలకు వేలాడదీస్తే జనం ఆధునిక చిత్రకళలా చూశారు. వాళ్ళు చూసింది రంగుల్ని, ముక్కల పొందికను. బెంగాల్ అంచు పోగూ, అలబామా సంచి దారమూ ఒకే ఆలోచనకు రెండు రూపాలని దగ్గరగా వెళ్ళి చూస్తేగానీ తెలియదు.

ఇప్పుడు దుకాణంలో దారం ఎంచుకునేవాళ్ళకు ఈ చరిత్రంతా రీలు మీద అంకెల రూపంలో ఉంటుంది. మన నేతపనివాళ్ళు 60వ నంబరు, 80వ నంబరు నూలు అంటారు కదా, అదే లెక్క. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో అదే నంబరు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం. 40/3 అంటే 40వ నంబరు నూలు మూడు పేటలు కలిపి పేనినది. చేతి క్విల్టుకు ఆ మందం సాధారణంగా సరిపోతుంది. కుట్టుమిషన్లు వచ్చాక వాటి వేగాన్ని తట్టుకోడానికి ఆరు పేటల దారం వచ్చింది. జాన్ మెర్సర్ క్షారంలో నానబెట్టి నూలుకు బలం పెంచే పద్ధతికి 1850లో పేటెంటు తీసుకున్నాడు. 1890లో హొరేస్ లో నానేటప్పుడు నూలును బిగించి ఉంచి, దానికి మెరుపు కూడా తెచ్చాడు. చేతి క్విల్టు దారానికి మాత్రం పైన గంజిలాంటి నునుపు పూత పెడతారు. చిక్కుపడదు, పొరల్లో సులువుగా జారుతుంది. మామూలు దారానికి తేనెమైనం రుద్దుకోవడం కూడా ఇందుకే. పూత దారాన్ని మిషనుకు ఎక్కిస్తే పూత రాలి లోపల పేరుకుంటుంది. ఒకసారికి మూరెడు, మహా అయితే మూరన్నర దారం ఎక్కించుకోవాలి. బారెడు ఎక్కిస్తే, బట్టలోంచి అన్నిసార్లు దూరి దూరి చివరి భాగం ముందే నలిగిపోతుంది.

1941లో బ్రిటన్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రవేత్తలు పాలియెస్టర్ పోగును కనిపెట్టాక కథ ఇంకో మలుపు తిరిగింది. ఇప్పుడు మన ఊళ్ళ దుకాణాల్లో చవగ్గా దొరికేది ఎక్కువగా పాలియెస్టర్ దారమే. కుళ్ళదు, సులభంగా తెగదు. రవికకూ సంచికీ అది మంచి గుణం. ఇరవయ్యేళ్ళు కట్టిన నూలు చీరతో కుట్టే బొంతకు అదే గుణం ఇబ్బంది కావచ్చు. బట్ట పలచబడుతూ పోతుంది, దారం మాత్రం మొదటిరోజు ఉన్నట్టే ఉంటుంది. ఇక లాగుడుకు ఓడిపోవాల్సింది అమ్మమ్మ చీరే.

మ్యూజియాల్లో పాత వస్త్రాలను బాగుచేసేవాళ్ళు శిథిలమైన బట్టను నిలబెట్టడానికి చాలా సన్నని పట్టుదారం వాడతారు. బట్టకంటే ముందు తాము వేసిన కుట్టే తెగేట్టు చూసుకుంటారు. తమ తర్వాత వచ్చే మనిషి దాన్ని విప్పి మళ్ళీ కుట్టగలగాలని. ఈ పనికి చదువులున్నాయి, ప్రయోగశాలలున్నాయి. చీర అంచులోంచి పోగు లాగిన ఆవిడకు అవేవీ లేవు. అయినా ఇద్దరూ ఒకే దారాన్ని ఎంచుకున్నారు. ఇంట్లో పాత బొంత ఉన్నవాళ్ళు ఒకసారి వెలుతురులో తిరగేసి చూడండి. ముందు ఏది తెగిందో, ఎక్కడ ఎన్నిసార్లు మళ్ళీ కుట్టారో కనబడుతుంది.