చిరుతను ఇంగ్లిష్‌లో 'చీతా' అనొచ్చా? తేడా ఇదే!

ఆత్మకూరు: నల్లమల అంచు ఊళ్లలో చిరుత కనిపిస్తే చాలు.. 'చీతా వచ్చింది' అనేస్తుంటాం. నిజానికి నల్లమలలో చీతాలు లేవు. మన చిరుతపులిని ఇంగ్లిష్‌లో 'లెపర్డ్' అనాలి. పెద్దపులి అయితే 'టైగర్'. 'చీతా' హిందీ నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లిన మాట. అది వేరే జంతువు.

ఎలా గుర్తుపట్టాలి?

లెపర్డ్: ఒంటి నిండా గులాబీ పువ్వుల్లాంటి మచ్చలు. చెట్లెక్కడంలో దిట్ట.

చీతా: విడివిడిగా నల్ల చుక్కలు. కళ్ల నుంచి నోటిదాకా కన్నీటి చారల్లాంటి నల్ల గీతలు.

మన దేశంలో చీతాలు అంతరించాయని 1952లో ప్రకటించారు. 2022 సెప్టెంబర్‌లో నమీబియా నుంచి 8 చీతాలను మధ్యప్రదేశ్‌లోని కునోకు తెచ్చారు.

ఫారెస్ట్ వాళ్లకు ఫోన్ చేస్తే 'పులి' అని ఊరుకోవద్దు. ఒంటిపై చారలున్నాయా, మచ్చలున్నాయా చెప్పండి. వచ్చింది పెద్దపులో, చిరుతో వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.