పదక్రమము – అర్థము: సవర కొండలు నేర్పిన పాఠం

పలాస, టెక్కలి సీమలో మూడు భాషాసంప్రదాయాలు చేరువగా నిలిచి ఉన్నాయి. ఆలయాలలో సంస్కృత మంత్రం, ఉద్దానపు కొబ్బరితోటలలో తెలుగు, పడమటి కొండలలో సవర. వాక్యంలో పదాల వరుస అర్థాన్ని ఎట్లు వహిస్తుంది? ఈ ప్రశ్న వైయాకరణులకే పరిమితం కాదు. మంత్రార్థజిజ్ఞాసువులకూ ఇది ముఖ్యమే.

సంస్కృతంలో "రామః రావణం హంతి" అన్నా, "రావణం హంతి రామః" అన్నా చంపినవాడు రాముడే. కర్తృకర్మలను విభక్తులు తెలుపుతాయి గనుక పదాలను యథేష్టంగా కూర్చవచ్చునని పతంజలి మహాభాష్యంలో అంగీకరించాడు. కానీ సమాసంలో ఈ స్వేచ్ఛ లేదు. అక్కడ విభక్తి లోపిస్తుంది. ఆ భారం క్రమంపై పడుతుంది. రాజపురుషుడు రాజుగారి భటుడు, పురుషరాజు ప్రభువు. తెలుగులోనూ ద్వితీయావిభక్తి లోపించినచోట, "అల పడవ తాకింది" అన్నప్పుడు, ముందున్న పదమే సాధారణంగా కర్తగా స్ఫురిస్తుంది.

శ్రీముఖలింగ క్షేత్రసమీపాన పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరల నడుమ వారి భాషను అభ్యసించారు. 1931లో వారి సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడినాయి. సవరలో స్వతంత్రమైన కర్మపదం, తెలుగులో వలెనే, క్రియకు ముందు నిలుస్తుంది. అదే నామం సంక్షిప్తరూపం దాల్చి క్రియాపదంలోనే లీనమైతే ధాతువుకు వెనుక చేరుతుంది. "జొమ్" అంటే తినుట, "బొఙ్‌తెల్" అంటే దున్న. రెండూ ఏకమైతే "జొమ్‌బొఙ్". మన కుంభకార శబ్దంలో కర్మ ముందు, ధాతువు వెనుక, అక్కడ విపర్యయం. లిపిలేని వనవాసుల భాష అని లోకం ఉపేక్షించిన వాక్కులో ఇంతటి నియమం నిగూఢంగా ఉన్నది.

నిరుక్తంలో కౌత్సుడు ఒక ఆక్షేపం చేశాడు: మంత్రంలో పదాలూ, వాటి ఆనుపూర్వీ మార్చరానివి గనుక మంత్రాలు అర్థరహితాలని. యాస్కుడు శాంతంగా సమాధానమిచ్చాడు: లోకవ్యవహారంలోనూ "పితాపుత్రౌ" వంటి నియతక్రమాలున్నవి, అవి నిరర్థకాలు కావు కదా!

సవర క్రియాపదం ఆ సమాధానానికి మరొక సాక్ష్యం. క్రమనియమం అర్థాభావానికి చిహ్నం కాదు; పెక్కుచోట్ల అర్థానికి అదే ఆధారం. నిత్యం రుద్రాధ్యాయం పఠించే భక్తుడు ఆనుపూర్విని కాపాడటంతో తృప్తి చెందక, అన్వయాన్నీ విచారించాలి. క్రమం మనకు పూర్వులు అప్పగించిన పాత్ర. అర్థం దానిలోని తీర్థం.