డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా

'''డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా''' అనేది భారతీయ భాషల పుస్తకాలను స్కానింగు చేసి అంతర్జాలంలో ఉచితంగా అందించిన ప్రాజెక్టు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు "మిలియన్ బుక్ ప్రాజెక్టు"లో ఇది భారతీయ విభాగం. మూలపురుషుడు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 1994లో ఈయన ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు.

'''చరిత్ర'''

భారతదేశంలో ఈ పనికి బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ నాయకత్వం వహించింది. 2003 సెప్టెంబరులో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం వెబ్‌సైటును ప్రారంభించారు. తెలుగు పుస్తకాలలో అధికభాగం హైదరాబాదులోని ఐఐఐటీ ఆధ్వర్యంలో స్కాన్ అయినవే. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం (1891లో ఆసఫియా పేరుతో స్థాపించబడింది) పుస్తకాలు వీటిలో ముఖ్యమైనవి. 2007 నవంబరు నాటికి చైనా, భారత్, ఈజిప్టులలో కలిపి 15 లక్షల పుస్తకాలు పూర్తయినట్లు ప్రకటించారు.

'''పని విధానం, లోపాలు'''

ప్రతి పుటను బొమ్మగా తీసి టిఫ్ ఫైలుగా భద్రపరిచేవారు. ప్రతి పుస్తకానికీ ఒక బార్‌కోడ్ సంఖ్య ఉండేది. బొమ్మ గనుక లోపలి పాఠ్యంలో వెతకడం కుదరదు. పుస్తకం పేరే ఆధారం. ఆ పేర్లను రోమన్ లిపిలో ఎవరికి తోచిన వర్ణక్రమంలో వారు నమోదు చేశారు. తెలుగు పాఠకుడికి అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదే: పుస్తకం ఉన్నా దొరకదు. కొన్నింటిలో పుటలు కూడా లోపించాయి. ఒక్కొక్క పుటా తెరచి చదవవలసి రావడంతో, ఔత్సాహికులు పుస్తకం మొత్తాన్ని దించుకొనే ఉపకరణాలు తయారుచేసుకున్నారు.

'''ఉత్తర తెలంగాణ'''

కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలకు 2008 వరకు సొంత విశ్వవిద్యాలయం లేదు. కళాశాలలు వరంగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేవి. పాత పుస్తకం కావలసిన పరిశోధకుడు వరంగల్లుకో, హైదరాబాదుకో వెళ్ళవలసిందే. అటువంటివారికి, అంతర్జాలం అందుబాటులో ఉంటే, ఈ సైటు ప్రయాణపు ఖర్చు తప్పించింది. 2008లో కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం, ఆదిలాబాదు జిల్లా బాసరలో (2016 నుండి నిర్మల్ జిల్లా) రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణం ఏర్పడ్డాయి. రెండవదానికి కులపతిగా పనిచేసినది రాజ్ రెడ్డియే. గ్రామీణ విద్యార్థులకు ల్యాప్‌టాప్‌తో పాఠాలు చెప్పడం అక్కడి ప్రత్యేకత.

'''సైటు మూత, తరువాత'''

కాపీహక్కుల సమస్యల నడుమ 2017 నాటికి సైటు మూతపడింది. దానికి ఇచ్చిన లింకులన్నీ, తెలుగు వికీపీడియా వ్యాసాలలోనివి సహా, పనికిరాకుండా పోయాయి. ఆ స్కాన్లు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరడం వల్లనే నేడు చదవగలుగుతున్నాము. అయితే రోమన్ లిపిలోని ఆ తప్పుల పేర్లు కూడా వాటితోపాటే వెళ్ళాయి. తెలుగు పేర్లతో జాబితాలు తయారుచేసే పనిని వికీ సభ్యులు చేపట్టారు.