కొండ మీది మోటారు, బల్ల మీది మోటారు

బళ్ళలో సైన్సు ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "మీరు కంప్యూటర్ల మనిషి కదండీ, మావాడికి కాస్త మోటారు చేసిపెట్టరూ?" అని. చేసిపెట్టను గానీ, ఒక కథ చెబుతాను. ఇవాళ మీకూ అదే కథ.

1821లో లండన్‌లో ఫారడే పాదరసం గిన్నెలో అయస్కాంతం చుట్టూ ఒక తీగను తిప్పాడు. పదేళ్ళ తర్వాత, అయస్కాంతాన్ని కదిలిస్తే తీగలో కరెంటు పుడుతుందనీ చూపించాడు. అయినా చాలాకాలం మోటారునీ డైనమోనీ వేర్వేరు యంత్రాలుగానే చూశారు. 1873లో వియన్నా ప్రదర్శనలో గ్రామ్ డైనమోకి మరో డైనమో కరెంటు ఇస్తే అది మోటారై తిరిగింది. రెండూ ఒకటేనని లోకానికి గట్టిగా తెలిసింది అప్పుడే.

పదమూడేళ్ళకల్లా ఆ సంగతి మన న్యూజిలాండ్ కొండలెక్కింది. క్వీన్స్‌టౌన్ అవతల, స్కిపర్స్ వాగు ఎగువన బుల్లెన్‌డేల్ బంగారు గని ఉండేది. రాతిని పొడి చేసే రోకళ్ళు ఒకచోట, కావలసినంత నీళ్ళు మరో లోయలో. 1886లో ఆ నీళ్ళతో రెండు డైనమోలు తిప్పి, దాదాపు 3 కిలోమీటర్లు కొండ మీదుగా రాగి తీగలు లాగి, ఇవతల మోటారుతో రోకళ్ళు ఆడించారు. ఈ దేశంలో నీటి కరెంటుతో పరిశ్రమ నడవడం అదే మొదలు. రీఫ్టన్ ఊరికి కరెంటు దీపాలు వచ్చింది ఆ తర్వాత రెండేళ్ళకి, 1888లో!

ఇక బల్ల మీది మోటారు. ఒక బ్యాటరీ, రెండు పిన్నీసులు, ఒక అయస్కాంతం, ఎనామిల్ పూసిన రాగి తీగ చుట్ట. తీగ ఒక కొసను ఉప్పు కాగితంతో పూర్తిగా గీకాలి, రెండో కొసను సగం వైపే గీకాలి.

"రెండూ పూర్తిగా గీకేస్తే ఏం, అంకుల్?" అని ఒక పాప అడిగింది. అసలు ప్రశ్న అదే! అప్పుడు మొదటి అర చుట్టులో ముందుకు తోసిన బలమే, రెండో అర చుట్టులో వెనక్కి లాగుతుంది. చుట్ట ఊగిసలాడి ఆగిపోతుంది. సగం ఎనామిల్ ఉంచితే ఆ రెండో సగంలో కరెంటు ఆగి, ఉన్న ఊపుతో చుట్ట దాటేస్తుంది. పెద్ద మోటార్లలో కమ్యుటేటర్ ఇంకో అడుగు ముందుకేసి, కరెంటు దిశనే మారుస్తుంది.

1991లో ఇక్కడి ఫిషర్ అండ్ పేకెల్ కంపెనీ వాషింగ్ మెషీన్‌లో బెల్టూ గేర్లూ తీసేసి మోటారునే నేరుగా డ్రమ్ముకి బిగించింది. పాతబడ్డ ఆ మోటార్లతో ఔత్సాహికులు గాలిమరలు చేసి కరెంటు తీస్తారు. వియన్నా పాఠమే, తిరగేసి!

అందుకని అమ్మలూ నాన్నలూ, తీగ మీరు చుట్టకండి. మీరు చేసిస్తే మార్కులొస్తాయి. "సగమే ఎందుకు గీకావు?" అని టీచరు అడిగితే మాత్రం జవాబు రాదు. పది చుట్టలు పాడైతే కానివ్వండి, రాగి తీగ చవకే. సెలవు.